తెరచీరయు సూచీకర్మయు
కొరియా గృహమునందలి మడతతెర - నందికొండ తండాలయందలి కుట్టుపని

ఇంటిలోని యొక భాగమును మఱియొక భాగమునుండి మఱుగుపఱచుటకును, గాలిని వారించుటకును, శుభాశుభకార్యములయందు స్థలమును వేఱుచేయుటకును వాడబడు వస్త్రమునకు దెలుగున తెర యనియు తెరచీర యనియు బేళ్లు. అమరసింహుడు మనుష్యవర్గమున దీనికి బ్రతిసీర, జవనిక, తిరస్కరిణి యను మూడు పర్యాయపదములను జెప్పెను. ఆ పదములకు సమీపముననే వస్త్రగృహమునకు, అనగా గుడారమునకు, చెందిన దూష్యాదిశబ్దములను గూర్చినాడు. గుడ్డతో నిల్లు కట్టుటయు, ఇంటిలో గుడ్డతో మేర యేర్పఱచుటయు నొక్క కుదుటినుండి పుట్టిన పనులని యీ కూర్పువలన దోచును.

కొరియాదేశపు గృహములయందు ఈ తెర పట్టుదారముతో గుట్టబడి, కొయ్యచట్రముల కతుకబడి, మడతలు మడతలుగా నిలుచు గృహోపకరణమైనది. నందికొండ పరిసరములనున్న లంబాడీ తండాలలో నిలువు తెర లేదు గాని, తెరకు దగిన సూచీకర్మ యంతయు స్త్రీల ముసుగంచునకును, సంచికిని, బిందెక్రింది కుదురునకును జేరినది. ఒకటి దూరదేశపు వస్తువు, ఒకటి మన ముంగిటిది. ఈ రెంటిని బ్రక్కప్రక్కన నుంచి పరిశీలించినచో, గృహమున సూచీకర్మ యెచ్చట నిలుచునో, ఏ కారణముచే నిలుచునో, ఏ కారణముచే నశించునో తేటపడును.

శబ్దవిచారము

తిరస్కరిణి యను పదమున 'తిరస్' అను నవ్యయము మఱుగును దెలుపును. దానిపై కృధాతువు చేరగా, మఱుగుచేయునది యని యవయవార్థము. ణినిప్రత్యయము పరమగునపుడు ధాతువునకు వృద్ధి రావలసియుండగా నిచ్చట హ్రస్వమే నిలిచినది. సంజ్ఞాశబ్దమగుటచే నట్లు నిలిచెనని సమర్థించుకొనవలెను. కాళిదాసు కుమారసంభవము ప్రథమసర్గమున హిమవంతపు గుహాద్వారములకు మేఘములనే తిరస్కరిణులుగా జేసెను. ఆ వర్ణనమున తెర చేయు పని పరుల చూపును వారించి లోనివారి లజ్జను గాపాడుట.

ప్రతిసీరశబ్దమున నున్నది బంధనార్థకమైన సిధాతువు. ఉణాదిసూత్రమొకటి శు, సి, చి, మి ధాతువులకు దీర్ఘమును విధించి శూర, సీర, చీర, మీర శబ్దములను సాధించుచున్నది. అనగా బ్రతిసీరలోని సీరయు, వస్త్రవాచియగు చీరయు నొక్క సూత్రముచేతనే సిద్ధించినవి. తెలుగు చీరను ఈ చీరశబ్దముతో ముడిపెట్టుట పరిపాటియే కావున, తెరచీర యను మన సమాసమున దేశ్యమగు తెరయు, ప్రతిసీరకు దోబుట్టువగు చీరయు గలిసియున్నవని చెప్పనగును.

జవనిక, యవనిక యను రూపములనుగూర్చి వాదము పెక్కుకాలము జరిగినది. గత్యర్థకమగు జుధాతువునుండి జవనికను, మిశ్రణార్థకమగు యుధాతువునుండి యవనికను వైయాకరణులు సాధింతురు. 19వ శతాబ్దమున వేబరు మొదలగు జర్మనుపండితులు మన నాటకముపై గ్రీకుల ప్రభావమును శంకింపగా, యవనశబ్దముతో గూడినట్లు కానవచ్చు యవనిక యా వాదమునకు సాధనమయ్యెను. ఫ్రెంచిపండితుడగు సిల్వెన్ లేవి, ఈ పదము నాటకశాలను గాక వస్త్రమును దెలుపు విశేషణమనియు, యవనుల నావలపై వచ్చిన పారసీకపు చిత్రవస్త్రమున కా పేరు కలిగెననియు సమాధానము చెప్పెను. వాదమెట్లున్నను ఒక యంశము గ్రహింపదగినది: తెర యనగానే దూరదేశమునుండి వచ్చిన విలువగల చిత్రవస్త్రము పూర్వులకు స్ఫురించియుండుట యసంభవము కాదు.

ఇక దేశ్యమగు తెర. తమిళమున తిరై, కన్నడమున తెరె. ఈ మూడుభాషలందును ఈ శబ్దమునకు అల యనియు, అడ్డుగుడ్డ యనియు రెండర్థములు గలవు. వ్రేలాడు గుడ్డ గాలికి గదలునపుడు నీటియలను బోలుటచే నీ యర్థములు కలిసియుండును. ఓడపై గాలిని బట్టునది తెరచాప. ఆ సమాసమున తెరయు గాలియు బాసటగా నున్నవి.

చీనాభాషలో మడతతెరకు బింగ్‌ఫెంగ్ అని పేరు. పింగ్ అనగా నడ్డు, ఫెంగ్ అనగా గాలి. ఆ రెండు లిపిచిహ్నములనే కొరియావారు బ్యోంగ్‌పుంగ్ అనియు, జపానువారు బ్యోబు అనియు నుచ్చరింతురు. సంస్కృతమున చూపు నడ్డునది తెర. తూర్పుదేశములయందు గాలి నడ్డునది తెర. ఒక్కవస్తువునకు బేరు పెట్టుటలో నీ భేదము కలుగుటకు గృహనిర్మాణమే కారణమని తరువాతి భాగమువలన దెలియును.

కొరియా మడతతెర

కొరియాదేశమున శీతకాలము తీవ్రమైనది. పూర్వగృహములయందు వంటపొయ్యి వేడిమిని నేలక్రింది సొరంగములద్వారా నడపి గది నేలను వెచ్చచేయు పద్ధతి యుండెడిది. దానికి ఓందొల్ అని పేరు. కావున జనులు నేలమీదనే కూర్చుండిరి, నేలమీదనే పరుండిరి. నేల వెచ్చగానున్నను, తలుపుసందులనుండియు, కాగితమంటించిన కిటికీలనుండియు జల్లగాలి వీపునకు దగులును. ఆ గాలిని వారించుటకు గూర్చున్నవారి వెనుక నిలుపబడినది మడతతెర. ఎత్తైన కుర్చీలు, బల్లలు లేని గదిలో గోడయలంకారము చేయదగిన చోటును అదియే యయ్యెను.

దీని నిర్మాణ మిట్టిది. సన్నని కొయ్యపుల్లలతో జాలివలె జట్రము కట్టి, దానిపై బొరలు పొరలుగా గాగితము నంటింతురు. ఆ కాగితముపై జిత్రమునుగాని, వ్రాతనుగాని, కుట్టుపని చేసిన పట్టుగుడ్డనుగాని యతికి, చుట్టును పట్టుయంచు నమర్తురు. ఇట్టి పలకలు రెండు మొదలు పండ్రెండు వఱకు నుండును. ఎనిమిదియు, పదియు సామాన్యములు. పూర్వకాలమున బ్రతిపలకకును వేఱు చట్రముండి త్రాళ్లతో ముడివేయబడెడిది. తరువాత కాగితపు కీళ్లు వాడుకలోనికి వచ్చి, పలకకును పలకకును నడుమ నెడము తగ్గుటచే, ఒక్క చిత్రమే యన్ని పలకలమీదను అవిచ్ఛిన్నముగా సాగుట సాధ్యమైనది. తెర వంకరగా నిలిచిననే పడక నిలుచును; తిన్నగా సాచినచో గూలును. పని తీరినపిదప మడచి గోడవార నుంతురు.

కుట్టుతెరకు గొరియాభాషలో జాసు బ్యోంగ్‌పుంగ్ అని పేరు. జాసు అనగా సూచీకర్మ. పట్టువస్త్రముపై బట్టుదారముతోనే కుట్టుదురు. కొరియా కుట్టుపనికి విశేషలక్షణము పురిపెట్టిన దారము. పురిలేని దారము మెఱుపు నధికముగా జూపును. పురిగల దారము గట్టిదనమును, ఉబ్బును జూపును. ఆకులను నడిమియీనెనుండి రెండువైపులకు జీల్చి కుట్టు పద్ధతి యొకటి, పూలనడుమ ముడులు వేయు పద్ధతి యొకటి, మందపు దారమును బఱచి సన్నదారముతో బిగించు పద్ధతి యొకటి గలవు. విశాలమైన చోటులను నింపుటకు వాడు కుట్టు, నేసిన చాపను బోలియుండుటచే జాపపేరుతోనే వ్యవహరింపబడుచున్నది.

తెరపై గుట్టబడు విషయము యథేచ్ఛగా నేర్పడినది కాదు. గదినిబట్టియు, సందర్భమునుబట్టియు నిర్ణయింపబడినది. పెండ్లికి మోదుగుపూవులంతటి యెఱుపుగల పెద్ద పియోనీ పూవుల తెర. స్త్రీల గదికి బువ్వులును బక్షులును గల తెర, లేదా సంతానసమృద్ధిని గోరుచు నూఱుగురు బాలురు ఆడుకొను తెర. పురుషులు గ్రంథపఠనము చేయు గదికి బుస్తకములు దొంతరలుగా బేర్చిన యరల చిత్రముగాని, అక్షరములుగాని. శిశువు మొదటి పుట్టినదినమునకును, పెద్దల అఱువదియేండ్ల పండుగకును వెనుక నిలుచు తెరపై దీర్ఘాయుర్దాయచిహ్నములు పది కుట్టబడును: సూర్యుడు, కొండ, నీరు, శిల, మేఘము, దేవదారుజాతి వృక్షము, అమరత్వము నిచ్చునని నమ్మబడు శిలీంధ్రము, తాబేలు, కొంగ, లేడి. ప్రాంతభేదముచే వెదురో చంద్రుడో చేరుటయు గలదు. ఈ పదింటికి సిప్‌జాంగ్‌సేంగ్ అని పేరు.

పండితుల కాసక్తి కలిగింపదగినది అక్షరముల తెర. ఆయుస్సును దెలుపు చిహ్నమును, భాగ్యమును దెలుపు చిహ్నమును బ్రాచీనలిపిలో నూఱేసి విధములుగా మార్చి కుట్టిన తెరలు గలవు. పితృభక్తి, భ్రాతృప్రేమ, రాజభక్తి, విశ్వాసము, వినయము, న్యాయము, నిర్లోభత, లజ్జ యను నెనిమిది గుణములను దెలుపు నెనిమిది చిహ్నములను, పలకకొకటి చొప్పున, చేపలు, పక్షులు, పూవులు పెనవైచి రచించిన తెరలును గలవు. ఇట్టి తెరముందు బెరిగిన బిడ్డ చదువు నేర్వకమునుపే యక్షరముల నెఱుగును.

మరణమునను తెర తప్పదు. శవమునకు ముందు తెరను నిలిపి, దాని కీవల ధూపము వేయుదురు. పితృకార్యములయందును తెర నిలిపి దాని ముందు నైవేద్యము నుంతురు. కాని యా తెర రంగులు లేని తెల్లని దో, వ్రాతమాత్రము గలదో యై యుండవలెను. పెండ్లితెర యచ్చటికి రాదు. ఇట్లు జననము, వివాహము, వార్ధకము, మరణము నను నాలుగింటను ఒక్క ఇంటిలోని గది నాలుగు విధములుగా మాఱునది తెరవలన.

ఈ వస్తువు ప్రాచీనము. 1145లో గిమ్ బుసిక్ సమకూర్చిన సమ్‌గుక్ సగి యను చరిత్రగ్రంథమున, సిల్లారాజ్యమును పాలించిన హుంగ్‌దొక్ రాజు 834లో జేసిన శాసనములు చేరియున్నవి. వర్ణభేదమునుబట్టి యెవ రేమి ధరింపవచ్చునో, ఇంట నేమి యుంచుకొనవచ్చునో యా శాసనములు నిర్ణయించినవి. అందు నిజాస్థి యను గొప్పవంశమువారికి సయితము కుట్టుపనిగల తెర నిషిద్ధము. నిషేధమే యాచారమునకు బ్రమాణము: లేని దానిని రాజు నిషేధింపడు. పండ్రెండువందలయేండ్లకు బూర్వమే కుట్టుతెర యిండ్లలో నుండెననియు, అది రాజు కన్ను పడునంతటి వైభవచిహ్నమయ్యెననియు దీనివలన సిద్ధించుచున్నది.

తరువాతి జోసన్ రాజవంశకాలమున గుట్టుపని రెండుపాయలైనది. అంతఃపురమున నిపుణలైన స్త్రీలు కుట్టినది రాచకుట్టు. ఇండ్లలో గృహిణులు కుట్టినది జనపదపు కుట్టు. పెద్దతెరకు వ్యయము మెండు. కావున సామాన్యగృహిణి తలగడకొనలు, సంచులు, మూటగుడ్డలు మొదలగువానిపై దన నేర్పును జూపెను. ఉత్తరమున నున్న ఆంజు పట్టణమున బురుషులే తెరలు కుట్టి ప్రసిద్ధిగాంచిరి. కావున సూచీకర్మ స్త్రీలకే చెందినదని సిద్ధాంతము చేయరాదు. ఇండ్లకై జేయునపుడు స్త్రీలచేతను, వెలకు జేయునపుడు పురుషులచేతను నడచిన దని మాత్రము చెప్పవచ్చును.

బోధిసిరి శాసనము

ఇంత దూరదేశపు వస్తువును నందికొండతో బోల్చుట యేల యని ప్రశ్న కలుగవచ్చును. నందికొండకు ఎగువ, కృష్ణ కుడిగట్టున, ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి యుండెను. అచ్చటి శ్రీపర్వతముపై వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున బోధిసిరి యను నుపాసిక సింహళభిక్షువుల కొఱకు జైత్యగృహమును గట్టించి శాసనము వేయించెను. ఆ భిక్షువులు ధర్మము బోధించిన దేశముల పట్టికలో కాశ్మీరము, గాంధారము, చీన, యవన, ద్రమిళ, తామ్రపర్ణి మొదలగు పేళ్లున్నవి. యవనికకు బేరిచ్చినట్లు శంకింపబడు యవనదేశమును, మడతతెరకు బుట్టినిల్లగు చీనదేశమును, క్రీస్తుశకము 3వ శతాబ్దమున నీ కొండలనడుమ నొక గృహిణి వేయించిన ఱాతిపై నొక్క వాక్యమున గలిసినవి.

దీనినిబట్టి తెర యిచ్చటినుండి యచ్చటికిగాని, అచ్చటినుండి యిచ్చటికిగాని పోయెనని చెప్పరాదు. అట్టి వాదమునకు శాసనము తావీయదు. ఈ ప్రాంతమువారి వినికిడి యంతదూరము వ్యాపించియుండెననుటకే యది సాక్ష్యము. కావున నీ పోలిక వంశవృక్షమును గట్టుటకు గాదు, ధర్మమును గ్రహించుటకు. వ్యాకరణమున సంబంధములేని రెండు ధాతువులు నొక్క ప్రత్యయముచే నొక్క యర్థమును బొందునట్లు, సంబంధములేని రెండు జనసంఘములలో నొక్క ప్రయోజనము నొక్కరీతి పనిని బుట్టించుట గలదు.

తండాలయందలి కుట్టుపని

తెలుగుగృహమున తెర లేకపోలేదు. వివాహమున వధూవరుల నడుమ బట్టు అడ్డుతెర సుముహూర్తమువఱకు నిలిచి, జీలకఱ్ఱ బెల్లముతో దొలగింపబడును. ఆ రెండుగడియలకు దప్ప దానికి బనిలేదు. కాని మన యడ్డుతెర సామాన్యముగా నేతగుడ్డయే. దానిపై సూచీకర్మ ముఖ్యము కాదు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గములు గల యీ ప్రాంతమున వన్నె యంతయు నేతలోనే తీరును. సూదితో వన్నె తీర్చుట యిచ్చటి తండాల సొమ్ము.

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతములందు లంబాడీ తండాలు విస్తారముగా నున్నవి. లంబాడీలు తమ్ము గోర్ అని చెప్పుకొందురు. వారి భాష గోర్‌బోలి. అది ఆర్యభాషాకుటుంబమునకు జెందినది, స్వంతలిపి లేనిది. లంబాడీ, లమానీ శబ్దములను లవణశబ్దమునుండియు, బంజారాశబ్దమును వాణిజ్యశబ్దమునుండియు బలువురు సాధింతురు. ఈ వ్యుత్పత్తులు వారి పూర్వవృత్తికి సరిపోవుచున్నవి. ఎద్దులపై ధాన్యమును, ఉప్పును వేసికొని దేశదేశములు తిరుగుచు, మొగలాయిసేనల వెంట దక్కనునకు వచ్చి, సేనలకు దిండి చేరవేసిరి. 19వ శతాబ్దమున రోడ్లును రైళ్లును వచ్చి యా వర్తకమును మ్రింగివేసినవి. 1871 నాటి నేరస్థజాతుల చట్టము పలుప్రాంతములయందు వారిపై గళంకమును మోపినది. ఆ చట్టపు మచ్చ 1952లో దొలగినది. తిరుగుట మాని తండాలలో నిలిచిన జనమునకు, తిరుగు దినములనాటి యిల్లు గుడ్డలలోనే మిగిలినది.

ఈ మాట యలంకారముగా జెప్పినది కాదు. ఎద్దులబిడారుతో బోవువానికి గోడలు లేవు. గోడలు లేనిచో నిలువు తెరకు దావులేదు. అయినను తెర పని తీరవలెను. పెద్దలయెదుట కోడలి ముఖమునకు మఱుగు కావలెను. ఇంటి విలువగల వస్తువులకు మూత కావలెను. పెండ్లికి వేఱు, ప్రతిదినమునకు వేఱు గుఱుతులు కావలెను. ఆ పనులన్నియు శరీరముపై ధరించు గుడ్డకును, చేతబట్టు సంచికిని సంక్రమించినవి. లంబాడీస్త్రీ ధరించు కుచ్చెళ్ల పావడ ఫేటియా, రవిక కాంచళి, తలముసుగు టుక్రి. ముసుగునకు నుదుటిపై వచ్చు నంచున దట్టముగా గుట్టిన పట్టీ యుండును. దానికి ఘూంగటో యని పేరు. హిందీ ఘూంఘట్ పదమునకు సంబంధించినదిది. సంస్కృతమున నీ పనిని అవగుంఠన మందురు. కుట్టుపనిచే బరువెక్కిన యా యంచు గాలికి నెగురక, లాగినచోట నిలుచును. కొరియాతెర గాలి నాపునట్లే ఘూంగటో గాలికి లొంగదు. తిరస్కరిణివలె జూపు నాపును. తెరశబ్దపు రెండర్థములు నొక్క జానెడు పట్టీలో నిమిడియున్నవి.

బిందెలు మోయుటకు దలపై నుంచుకొను కుదురును గవ్వలతో గప్పి, దానివెనుక వ్రేలాడునట్లు చదరపుగుడ్డను గుట్టుదురు. దానిని ఫూలియా యందురు. పెండ్లి మొదలగు సందర్భములయందు నీరు తెచ్చు స్త్రీకి వెనుకవైపున నది నిలువు తెరగా నుండును. వక్కాకులకు, డబ్బునకు గవ్వలయంచు గల చిన్నసంచులు, ధాన్యమునకు బెద్దసంచులు, కానుకల నుంచి యిచ్చుటకు జదరపు రుమాళ్లు. తల్లి కూతురి పెండ్లికై కొన్నియేండ్లు ముందుగానే యీ గుడ్డల నారంభించును.

కుట్టు పద్ధతి గమనింపదగినది. నీలిరంగుదో, మంజిష్ఠపు ఎఱ్ఱరంగుదో యగు ముతకనూలుగుడ్డను రెండుమూడు పొరలుగా బఱచి, ముందు బొంతకుట్టుతో బిగింతురు. గీత గీయరు, పడుగును పేకను లెక్కించి చతురస్రములు, త్రికోణములు, మెట్లు, వంకరబాటలు నింపుదురు. అద్దపుబిళ్లలను జుట్టు కుట్టి నిలుపుదురు. గవ్వలు, సీసపుపూసలు, నాణెములు, ఊలుకుచ్చులు అంచులకు జేరును. ధాతుపాఠము సీవనార్థకమగు ధాతువునకు దంతువును బఱచుట యని యర్థము చెప్పినది; పొరలను గలుపుటయే మొదటి పని, వన్నె దానిపై వచ్చినది. కుట్టు తీసివేసినచో బొమ్మ పోవుటయే కాక సంచియే విడిపోవును. వాత్స్యాయనుడు చతుష్షష్టికళలలో సూచీవానకర్మ నొకటిగా లెక్కించెను. తండాలో నది కళ యగుటకు ముందు జీవనోపకరణము.

బళ్లారిమండలపు సండూరు తండాలలో 14 కుట్టులు పేళ్లతో వాడుకలో నున్నవి. కీలన్, వేలే, బఖియా, మాకీ, సూర్యకాంతి మాకీ, రేలో, గద్రి, పోటే, నక్రా మొదలగునవి వానిలోనివి. బఖియా హిందూస్థానీలోనికి బారసీకమునుండి వచ్చిన దర్జీల మాట. సూర్యకాంతి కన్నడమున బ్రొద్దుతిరుగుడుపూవు. నడచివచ్చిన త్రోవలన్నియు గుట్టుల పేళ్లలో నిలిచియున్నవి. లిపిలేని భాషకు నిట్టి పదపట్టికయే చరిత్రపుస్తకము. ఇందొక పేరు మఱుపునబడిన నొక మజిలీ చెరిగిపోవును.

రెంటికిని సామాన్యధర్మము

పై రెండు వస్తువులకును భేదము స్పష్టము. ఒకటి పట్టు, ఒకటి నూలు. ఒకటి నిశ్చలగృహమునకు, ఒకటి సంచారగృహమునకు. ఒకదానిపై కొంగయు దేవదారువును గన్నట్టుగా నుండగా, రెండవదానిపై లెక్కగల గళ్లు మాత్రమే యుండును. అయినను మూడు ధర్మములు సామాన్యములు.

మొదటిది: రెండును మడచి దాచబడి, సందర్భమున విప్పబడునవి. ఎల్లప్పుడు గోడపై వ్రేలాడు చిత్రమునకు సందర్భములేదు. తెర విప్పినదినము పండుగ. ఫూలియా వెనుక వ్రేలాడినదినము పెండ్లి. వాక్యమున జేరినపుడే పదమునకు బ్రయోజనము కలుగునట్లు, సందర్భమున విప్పినపుడే యీ కుట్టు అర్థవంతమగును.

రెండవది: సూచీకర్మ మేరలయందు నిలుచును. గదికి బైటిగాలికి నడుమ, బ్రదికియున్నవారికి శవమునకు నడుమ, కోడలికి బెద్దలకు నడుమ, సంచిలోపలికి వెలుపలికి నడుమ. ఎచ్చట రెండు కలిసికొనునో యచ్చటనే మనుష్యులు సూదిని దీసికొనిరి.

మూడవది: రెంటికిని ప్రయోజనమే మూలము. గాలి నాపుట, పొరలను బిగించుట, ముసుగును నిలుపుట యను పని ముందు, చిత్రము వెనుక. పని పోయినపిదప చిత్రముమాత్రము నిలుచునా యనునదియే యిపుడు మిగిలిన ప్రశ్న.

రక్షణవిషయము

కొరియాలో నీ ప్రశ్న ముందుగా వచ్చినది. ఎత్తైన భవనములలోని వాటాలలో, బిగువైన కిటికీలుగల గదులలో, వీపునకు గాలి తగులదు. తెర నిలుపుటకు జోటును లేదు. ఆ దేశప్రభుత్వము 1984లో సూచీకర్మను అమూర్తవారసత్వములలో 80వదిగా నిర్ణయించి, హాన్ సాంగ్‌సూ యను విదుషీమణిని దానికి బ్రతినిధిగా గుర్తించెను. ఆమె 2016లో మరణించువఱకు శిష్యులకు నేర్పెను. హు దోంగ్‌హ్వా యను సంగ్రాహకుడు జీవితమంతయు గూర్చిన వేలకొలది కుట్టుగుడ్డలు సియోలునగరమునకు సమర్పింపబడి, 2021లో దెఱవబడిన హస్తకళాప్రదర్శనశాలలో జేరినవి. అచ్చట వస్తువును, కుట్టు పేరును, కుట్టు చేయు చేతిని మూటిని నొక్కసారి కాపాడ యత్నించిరి.

సండూరునందు లంబాడీ కుట్టుపనికి భౌగోళికచిహ్నము లభించినది. 2023 జూలైలో హంపియందు జీ-20 సభల సందర్భమున 450 మందికి బైగా లంబాడీస్త్రీలు కుట్టిన 1755 వస్తువులను నొక్కచోట నుంచి గిన్నిసు పుస్తకమున కెక్కించిరి. ఇవి మేలు. కాని బజారున జరుగు మఱియొక పని గలదు. తండాలలోని పడుచులు చీరలు కట్టుచుండగా, పెట్టెలలోని పాతఫేటియాలు, సంచులు వెలకు బోవుచున్నవి. వానిని గొన్నవారు ముక్కలుగా గత్తిరించి దిండ్లపై, గోడగుడ్డలపై నతికించుచున్నారు. ముక్కలో కుట్టు నిలుచును, అద్దము నిలుచును. అది ముసుగంచో, సంచిమూతయో, కుదురు గుడ్డయో తెలిపెడి మేర మాత్రము పోవును. పదములను అకారాదిగా గత్తిరించి వాక్యమును బారవైచినట్టి పని యిది. అమ్మెడు తండాస్త్రీ నిందింపదగదు. ఆమెకు దిండి కావలెను. ఆ వస్తువు నమ్మునపుడు దాని పేరును, సందర్భమును వ్రాసికొనువాడు లేకపోవుటయే కొఱత.

నందికొండ ప్రాంతమువారికి రక్షణ యనగా నేమో యొకరు చెప్పనక్కఱలేదు. 1926లో ఏ. ఆర్. సరస్వతిగారు నాగార్జునకొండ శిథిలములను గుర్తించిరి. 1955 డిసెంబరు 10న నందికొండవద్ద ఆనకట్టకు శంకుస్థాపన జరుగగా, లోయ మునుగుట నిశ్చయమైనది. 1954 మొదలు 1960 వఱకు లోయనంతయు ద్రవ్వి, చైత్యములను, విహారములను, శాసనములను బైకిదెచ్చి, కొండశిఖరమునను అనుపునందును మరల నిలిపిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడినది. బోధిసిరి కట్టించిన చోటు నీటిక్రింద నున్నను, ఆమె వాక్యము నేటికి జదువబడుచున్నది. ఏ ఱాయి యెచ్చట నున్నదో ముందు వ్రాసికొని పిమ్మట దానిని కదల్చుటచేతనే యది సాధ్యమైనది.

ఱాతికి జరిగిన యీ యుపకారము గుడ్డకును జరుగవలెను. గుడ్డ ఱాయివలె నిరీక్షింపదు. చెద, తేమ, కత్తెర యను మూడు శత్రువులు దానికి గలవు. పదములు గుడ్డకన్నను త్వరగా నశించును. నేతపనివారి మాటలను భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశమున 1971లో సంపుటముగా వెలువరించిరి. పలుగు, అచ్చు, నాడె మొదలగు మాటలకు లభించిన యా గౌరవము సూదిమాటలకును లభింపదగును. దేవరకొండ మొదలు అచ్చంపేట వఱకు బ్రతిపాఠశాలలోను దండాబాలికలు చదువుచున్నారు. వారి పితామహులయిండ్ల పెట్టెలలో నేమి యున్నదో, దానిపై నున్న కుట్టునకు వారి నాయనమ్మ యేమి పేరు పెట్టునో, అది యే దినమున విప్పబడెడిదో యా బాలికలచేతనే తెలుగులిపిలో వ్రాయించుట యుపాధ్యాయులకు సులభసాధ్యము. గోర్‌బోలి ధ్వనులను దెలుగులిపిలో నెట్లు వ్రాయవలెనో నిర్ణయించుట భాషావేత్తల పని. ఆ పట్టిక సిద్ధమైన పిదప, గత్తిరించిన ముక్క యెచ్చట గనబడినను దాని పూర్వస్థానము నూహించుట కవకాశ ముండును.

తిరస్కరిణికి వ్యుత్పత్తిని జెప్పగలవారు ఘూంగటోకును జెప్పవలసియున్నారు. మొదటిది నిఘంటువులలో భద్రముగా నున్నది; రెండవది కొందఱు వృద్ధస్త్రీల నాలుకపై మాత్రమే యున్నది. ఏది ముందుగా వ్రాసికొనదగినదో విద్వాంసులు విచారింతురు గాక.